తుమ్మాకు మీద బూడిద

హాలియా,
ఫిబ్రవరి 20, 2025

ప్రియమైన బిడ్డ మల్లీశ్వరికి,

ఫోన్లో నీ మాట నాకు సగమే వినపడుతోంది. అందుకే వయోజన విద్యలో నేర్చిన రాతకు పని పెట్టాను. తప్పులుంటే నవ్వుకో, మీ అమ్మకు మాత్రం చెప్పకు.

సంగతేమంటే, కరెంటు ప్లాంటు పక్క బీడులో తుమ్మాకుల మీద బూడిద పడుతోంది. గొర్రెలు మూతి పెట్టి వెనక్కి తిరుగుతున్నాయి. రెండు దగ్గుతున్నాయి. మంద అమ్మేద్దామని మీ అమ్మ పట్టు పట్టింది. అరవై గొర్రెలను అమ్ముకుని నేను ఎవరి వెనక తిరగాలి? నువ్వు పొగగొట్టాలను కంప్యూటర్లో చూసే పొల్యూషన్ ఆఫీసులోనే ఉన్నావు కదా. ఆ బూడిద ఎక్కడిదో జర చూసి చెప్పు.

నీ మీద బెంగతో,
నాయిన దుర్గయ్య


హైదరాబాద్,
మార్చి 1

ప్రియమైన నాయినకు,

ఉత్తరం మూడుసార్లు చదివాను. తప్పులు నాలుగే.

ఆ పొగగొట్టంలో ఒక మీటరుంది. ఎంత దుమ్ము బయటికి పోతోందో పావుగంటకోసారి నా తెర మీదికి పంపుతుంది. ముప్పై దాటితే ఎర్రబడుతుంది. నెలంతా వెనక్కి వెళ్లి చూశాను. ఇరవై రెండు, ఇరవై నాలుగు, అంతే. పొగ పైకి పోకముందే కరెంటు పెట్టిన ఇనుప రేకులు బూడిదను లాగి పట్టుకుంటాయి. అవి బాగానే పనిచేస్తున్నాయి. మరి నీ ఆకుల మీద పడేదేమిటి? అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన. బూడిద పడిన ప్రతి రోజూ గుర్తు పెట్టు. గాలి ఎటు నుంచి వీచిందో కూడా చూడు. అప్పటిదాకా మంద అమ్మొద్దు.

నీ బిడ్డ,
మల్లీశ్వరి


హాలియా,
మార్చి 24

ప్రియమైన బిడ్డకు,

బూడిద పడిన రోజున ఉన్ని దారానికి ముడి వేశాను. గాలి పొగగొట్టం నుంచి వస్తే ఒకటి, గుట్ట వైపు నుంచి వస్తే జంట ముడి. పదకొండు రోజులు పడింది. అన్నీ జంట ముడులే. ఇన్నాళ్లూ పొగగొట్టాన్ని ఊరికే తిట్టాను, పాపం.

గుట్ట వైపు ప్లాంటువాళ్ల బూడిద చెరువుంది. కానీ బూడిదను నీళ్లలో కలిపే కదా అక్కడికి పంపుతారు. తడి బూడిద ఎట్లా ఎగురుతుంది? నాకు తోచడం లేదు. ఇంకో గొర్రె కూడా దగ్గుతోంది.

నీ జవాబు కోసం చూసే,
నాయిన


హైదరాబాద్,
ఏప్రిల్ 4

ప్రియమైన నాయినా,

జాడ దొరికింది. రేకులు పట్టిన బూడిదంతా ఆ చెరువులోకే పోతుంది. పైన ఎంత బాగా పట్టుకుంటే కింద అంత పోగవుతుందని ఇన్నేళ్లలో నాకు తట్టనే లేదు. నా తెరకు కనపడేది పొగగొట్టం ఒక్కటే మరి.

మా ఆఫీసరు సుహాసిని మేడమ్‌కు నీ ముడుల సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు, మనుషులను పంపింది. చెరువు అంచుల్లో బూడిద ఎండి పొడైంది. దాని మీద నీళ్లు చల్లే పైపులో చుక్క లేదు. నీళ్లు వదిలే బెంజమిన్ అనే కాంట్రాక్టు మనిషి, రోజూ పొద్దున్నే వదులుతున్నానని మొత్తుకున్నాడట. ఎవరూ నమ్మలేదు. నెలాఖరుకు అతన్ని తీసేస్తారు. ఇక నీ మందకు ఫికర్ లేదు. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను.

ప్రేమతో,
మల్లీశ్వరి


హాలియా,
ఏప్రిల్ 12

ప్రియమైన బిడ్డా,

నీ ఉత్తరం మీ అమ్మకు చదువుతూ బెంజమిన్ పేరు దగ్గర ఆగిపోయాను.

గొర్రెలు తాగే కుంట ఆ బూడిద చెరువు కిందే పోయింది. గట్టు దిగువన మంచినీళ్ల పైపుకు తిప్పే చక్రం ఒకటుంది. తిప్పితే నీళ్లు పక్క గుంటలో పడతాయి. ఎండలు మొదలైనప్పటి నుంచి మందకు అక్కడే తాపుతున్నాను. తాగాక చక్రం మళ్లీ తిప్పాలి. మంద ముందుకు ఉరికితే చాలాసార్లు వదిలేసి పోయాను. నీ ఉత్తరం వచ్చేదాకా ఆ నీళ్లు దేనికో నాకు తెలియదు. ముడి వేసిందీ నేనే, బూడిద లేపిందీ నేనే. సిగ్గుతో రెండు రోజులు అన్నం సయించలేదు.

నిన్న ప్లాంటుకు పోయాను. ఇంజనీరు దగ్గర బెంజమిన్ కూడా నిలబడి ఉన్నాడు. "నీళ్లు మలిపింది నేను సారూ. గీయన తప్పేం లేదు" అన్నాను. ఎందుకు మలిపావని ఇంజనీరు గద్దించాడు. "మా కుంట మీ బూడిద కింద ఉన్నది. గొర్లకు దూపైతే ఏడికి పోవాలె?" అన్నాను. బెంజమిన్‌ను పనిలోనే ఉంచారు. చక్రానికి తాళం వేసి, తాళంచెవి అతని చేతికే ఇచ్చారు.

ఇక మంద అమ్ముడే అనుకుని గేటు దాటాను. బెంజమిన్ తాళంచెవి పట్టుకుని వెనకనుంచి వచ్చాడు. తిడతాడనుకుని నిలబడ్డాను.

"పెద్దయ్యా, మందను ఎన్ని గంటలకు తోలుకొస్తవ్?" అని అడిగాడు.

ఒంటిగంటకు అని చెప్పాను.

నీ నాయిన,
దుర్గయ్య