కిటికీ మంచం సారు

కోవిల్‌పట్టి, ఆదివారం

విరుదునగర్ అన్నపూరణి అమ్మాళ్ బోధనాసుపత్రి పెద్దలకు రెండో వార్డు చెల్లసామి దండాలు.

ఇరవై ఏళ్లుగా కడుపులో పెట్టుకున్న మాట ఇది. ఏటేటా పరీక్షల వేళ మీ కాలేజీకి వచ్చి పిల్లలకు గుండె పాఠం చెప్పిపోతున్నాను. గేటులో ఒక్కడూ "వచ్చారా సార్" అని అడిగింది లేదు. ఓర్చుకున్నాను. ఇప్పుడు యాభై ఏళ్ల పండగ పుస్తకం వేశారు. పత్తి గిడ్డంగిలో ఆసుపత్రి ఎట్లా మొదలైందో రాశారు, ఫ్యానులు దానమిచ్చినవాళ్లను రాశారు. గేటు పక్కన వేపచెట్టుకు ఫోటో కూడా వేశారు. 'చదువు చెప్పిన గురువులు' అన్న పేజీలో మాత్రం నా పేరు లేదు.

అరవంలో రాస్తే మీ గుమాస్తా చదివి పక్కన పడేస్తాడు. అందుకే మా ఇంటి భాషలో రాశాను. చదివే మనిషి కోసం ఈ ఉత్తరం తిరిగేటప్పుడైనా నలుగురికీ సంగతి తెలుస్తుంది. కుర్రతనంలో నెల్లూరు వైపు రైలుకట్ట పనికి పోతే మేస్త్రీ నేర్పిన అక్షరాలివి. వంకరగా ఉంటే ఆయన్ను అడగండి.

ఎవరికీ తక్కువ కాని,
చెల్లసామి

మరిచాను: ఆ వేపచెట్టు ఏం పాఠం చెప్పింది?

*

విరుదునగర్, గురువారం

గౌరవనీయులైన ప్రొఫెసర్ చెల్లసామి గారికి నమస్కారాలు.

మా అమ్మది నెల్లూరు. అందుకని మీ ఉత్తరం నాలుగు విభాగాలు తిరిగి నా దగ్గరికి చేరింది. పెద్ద పొరపాటు జరిగింది, మన్నించండి. పాత రికార్డుల్లో మీ పేరు ఎంత వెతికినా దొరకలేదు. మీ డిగ్రీలు, చేరిన సంవత్సరం, మీ శిష్యుల్లో పేరు తెచ్చుకున్నవారి వివరాలు రాసి, ఉద్యోగ దుస్తుల్లో ఒక ఫోటో పంపితే పుస్తకం రెండో ముద్రణలో చేరుస్తాం.

భవదీయురాలు,
ఉషా, ఉత్సవ కమిటీ కార్యదర్శి

మరొక మాట: సన్మాన సభలో మీకు ముందు వరుసలో కుర్చీ ఉంచాం.

*

కోవిల్‌పట్టి, మంగళవారం

ఉషమ్మకు చెల్లసామి రాయునది.

ఫోటో పెట్టాను. ఒంటిమీద చొక్కా ఏదని అడగొద్దు. నా ఉద్యోగం చొక్కా విప్పి, కిటికీ పక్క మంచం మీద పడుకుని చేసేది. డిగ్రీ అడిగావు. ఎడమ రొమ్ము కింద గుర్రుమని ఒక చప్పుడుంది, అదే నా డిగ్రీ. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మూటలు మోస్తుంటే ఆయాసం వచ్చి మీ దగ్గర చేరాను. పెద్ద డాక్టరు చెవిగొట్టం పెట్టి, "ఇంత మంచి చప్పుడు పుస్తకాల్లో కూడా లేదు, ఏటా పరీక్షకు రావయ్యా" అన్నారు. అప్పటినుంచి పిల్లలు నా గుండె వినాలి, జబ్బేమిటో చెప్పాలి, పాసవ్వాలి. చెప్పలేనివాడు ఏడుస్తూ పోవాలి. ఇది పాఠం కాకపోతే ఇంకేమిటి?

పేరున్న శిష్యుడు కావాలంటే మీ గుండె విభాగం పెద్ద, డాక్టర్ గోకులకృష్ణన్ ఉన్నాడు. పరీక్షనాడు మంచుగడ్డల్లాంటి చేతులు రొమ్ముమీద పెడితే వార్డంతా వినబడేట్టు తిట్టాను. "తంబీ, ముందు చేతులు రుద్దుకో, తర్వాత మనిషిని తాకు." మీ ఆసుపత్రికి మంచిపేరు ఎక్కడినుంచి వచ్చిందనుకున్నావు?

ఇప్పటి పిల్లలతో తల వాచిపోతోంది. చెవిగొట్టం ఆనించకముందే "కవాటం జబ్బు" అంటారు. కిటికీ మంచమంటే కవాటం అని పైక్లాసు వాళ్లు చెప్పి పంపుతున్నారు. వినేవాడు లేడమ్మా.

ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు నన్ను "ఏయ్" అన్నారు. పరీక్షనాడు మాత్రమే "అయ్యా, మీ చెయ్యి ఇస్తారా" అంటారు. ఆ మాట మీ పుస్తకంలో పడాలి.

అదే చెల్లసామి

మరిచాను: పక్క మంచం మూక్కన్‌ది విళాత్తికుళం, వాడికి కడుపులో బల్ల, అదే ప్లీహం వాపు. బల్లను కళ్లు మూసుకుని తడిమినా చెప్పొచ్చు. వాడి పేరు వేస్తే నా కిందే వేయాలి.

*

విరుదునగర్, సోమవారం

చెల్లసామి గారికి నమస్కారాలు.

మీ ఫోటో చూడగానే డాక్టర్ గోకులకృష్ణన్ గారు తెలియకుండానే రెండు చేతులూ రుద్దుకుని నవ్వారు. తర్వాత ఫోటోలో మీ పాదాల వాపు చూసి నవ్వు ఆపేశారు. ఇంక ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పట. సంతోషించండి, ఉత్సవ కానుకగా మీ కవాటాన్ని ఉచితంగా సరిచేస్తున్నారు. తొడ దగ్గర చిన్న రంధ్రం చేసి బెలూన్ పంపుతారు, మచ్చ కూడా మిగలదు. ఆ చప్పుడు పోతుంది. ఇంక మీరు పరీక్షలకు రావలసిన శ్రమే ఉండదు. వచ్చే సోమవారం కాక, ఆపై సోమవారం బయలుదేరి రండి.

భవదీయురాలు,
ఉషా

మరొక మాట: గురువుల పేజీకి కమిటీ ఒప్పుకోలేదు. 'సహకరించిన రోగులకు కృతజ్ఞతలు' అని చివరి అట్ట మీద ఒక వాక్యం వేస్తారట.

*

కోవిల్‌పట్టి, శుక్రవారం

ఉషమ్మకు చెల్లసామి కోపంగా రాయునది.

పేరు వేయమంటే ఉద్యోగం పీకేస్తారా? చప్పుడు పోతే నన్ను పిలిచేదెవరు? కిటికీ మంచం మూక్కన్‌కు పోతుంది. రానని రాయబోతుంటే మా ఇంటావిడ వల్లియమ్మాళ్ కాగితం లాక్కుంది. "ఏమయ్యా, నాలుగు మెట్లు ఎక్కలేవు, రాత్రి పడుకోలేవు, కూర్చునే నిద్రపోతావు. నీకు చప్పుడు కావాల్నా, పెండ్లాం కావాల్నా?" అంది. రెండు రోజులు ఆలోచించాను. ఆమె రెండు పూటలా అన్నం వండలేదు.

వస్తాను. నా షరతు మాత్రం విను. మచ్చ మిగలదని నువ్వే రాశావు. కాబట్టి సంగతి పిల్లలకు చెప్పొద్దు. పరీక్షనాడు మామూలుగా నన్ను కిటికీ మంచం మీదే పడుకోబెట్టండి. వచ్చినవాడు వినకుండా "కవాటం" అంటే ఫెయిలు. శ్రద్ధగా విని, "అయ్యా, మీకేం జబ్బూ లేదు" అన్నవాడే డాక్టరు. ఇన్నాళ్లూ నేను పాఠం. ఇంకమీదట నేనే పరీక్ష పెట్టేవాణ్ణి. పరీక్ష పెట్టేవాళ్లందరి పేర్లూ గురువుల పేజీలో ఉన్నాయి, చూసుకున్నాను.

ఇట్లు,
చెల్లసామి, కిటికీ మంచం

మరిచాను: బుధవారం తపాలా వచ్చేలోపల జవాబు రావాలి. రాకపోతే మదురైలోనూ కాలేజీ ఉంది, అక్కడా పరీక్షలున్నాయి. చప్పుడుతోనే బస్సెక్కుతాను.