డోరతీ గారి పువ్వుల బల్ల

డిసెంబర్ 14, ఆదివారం. అల్ఫారెట్టా, అమెరికా.

పక్కింటి డోరతీ గారు ఇవాళ తిరిగొచ్చారు. పైపు పగిలి ఇల్లు తడిసినప్పుడు, వాళ్ళ అమ్మగారి రైటింగ్ డెస్క్‌ని మా గరాజ్‌లో పెట్టి కూతురింటికి వెళ్ళారావిడ. పందొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో చేసిన బల్ల. దాన్ని అలా వదిలేసినా సరిపోయేది.

నరసాపురంలో మా ఇంట్లో క్రిస్మస్ ముందు ప్రతి బల్లకీ ఉప్పు కాగితం పట్టి వార్నిష్ వేసేవాళ్ళం. అవి నిండు టేకు. ఎంత రుద్దినా లోపల టేకే. ఆవిడ సంతోషిస్తారని దీన్నీ మిషన్ పెట్టి రుద్దాను. మూతమీద రంగురంగుల చెక్కముక్కలతో పొదిగిన పువ్వులు మొదట నిగనిగలాడాయి. ఇంకాస్త రుద్దాను. అడుగున తెల్లటి చెక్క బయటపడింది. పువ్వులు కాగితమంత పల్చటి పొర అని నాకు తెలియదు. తెలుసుకోనూ లేదు.

"ఆవిడ మిమ్మల్ని పాలిష్ చేయమని అడిగారా అసలు?" అంది మా ఆవిడ సునీత. లేదు, అడగలేదు.

డోరతీ గారు కోప్పడలేదు. మూతమీద చెయ్యి పెట్టి, "పువ్వులేవి సుధాకర్?" అని మాత్రం అడిగారు. సారీ అన్నాను. ఎన్నిసార్లు అన్నానో గుర్తులేదు.

పాత ఫర్నిచర్ బాగుచేసే ఒకాయనకి ఫోటోలు పంపాను. కొత్తవి పొదగొచ్చు గానీ అవి మాత్రం రావన్నాడు.

రేపు ఆవిడకి ఆ మాట ఎలా చెప్పాలో...

ఇందాక గరాజ్‌లోకి వెళ్ళి, ఆ మిషన్‌కి తగిలించిన వాక్యూమ్ సంచి విప్పి చూశాను. పువ్వులన్నీ అందులోనే ఉన్నాయి, గోధుమరంగు పొడిగా.