నాలుగు సాకే సీసాలు

కార్క్, సెప్టెంబరు 8

ప్రియమైన పుష్పకు,

ఫోన్ చేస్తే పోట్లాటే అవుతోంది, ఉత్తరాలు రాసుకుందామన్నావు. బాగానే ఉంది. కాగితం మీద నువ్వు నన్ను మధ్యలో ఆపలేవు.

మొన్న గుమ్మం దాకా వచ్చినప్పుడు నీకిచ్చిన నాలుగు సీసాలూ జాగ్రత్త. మా జపనీస్ హోటల్ ఓనరు సాకే, అదే వాళ్ళ బియ్యం సారా, అమ్మే బాధ్యత నాకు అప్పగించి, దాని రుచుల పరీక్షకు చదువుకోమని ఇచ్చాడు. అవి నా గదిలో ఉంటే నాకు భయం. నీ దగ్గరుంటే ధైర్యం. తాగుడు మాని తొమ్మిది నెలలైంది. ఏడాది నిండితే ఇంటికి రానిస్తానన్నావు, గుర్తుందిగా? నిస్సీకి ముద్దులు.

నీ కృపారావు

టాలట్, సెప్టెంబరు 19

నిస్సీ నాన్నగారికి వందనాలు,

తాగుడు మానిన మనిషికి సారా పరీక్షా! ఓనరుకు బుద్ధి లేదు సరే, మీకేమైంది? వర్క్ పర్మిట్ ఆయన చేతిలో ఉందని ఊరుకుంటున్నాను. రుచి చూసి ఉమ్మేస్తున్నానని ఫోన్లో అన్నారు, నమ్మమంటారా?

సీసాలు వంటింటి అలమరాలో, బియ్యం సంచి వెనక పెట్టాను. అమ్మ పోయిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. నిస్సీని పక్కింట్లో పడుకోబెట్టి, నర్సింగ్ హోమ్‌లో నైట్ డ్యూటీ చేసి వచ్చి, దాన్ని బడికి పంపి పడుకుంటే కన్ను మూతపడదు. కడసారి చూపుకైనా మన దేశం వెళ్ళలేకపోయాను కదండీ.

అసలు ఆ నాలుగింటికీ తేడా ఏమిటి? ఊరికే అడుగుతున్నాను.

పుష్పవతి

కార్క్, అక్టోబరు 2

ప్రియమైన పుష్పకు,

నువ్వు అడిగావంటే ఎంత సంతోషమో! అన్నీ బియ్యం సరుకే. బియ్యం, నీళ్ళు, పులియబెట్టే బూజు, అంతవరకే అయితే జున్‌మాయ్. దానికి కాస్త స్పిరిట్ చేరిస్తే హోన్‌జోజో. గింజ సగం అరిగేదాకా పాలిష్ పట్టి, మిగిలిన నడిమి భాగంతో చేస్తే దాయ్‌గింజో, దానికి పళ్ళ వాసన. పూర్తిగా వడకట్టకుండా తెల్లగా వదిలేస్తే నిగోరి. మా నాన్న రైసు మిల్లులో అంత పాలిష్ పడితే నా వీపు పగిలేది.

నేను హోటల్లోనే వాసన చూస్తాను, నాలుక మీద రుచి చూస్తాను, బకెట్లో ఉమ్మేస్తాను. గొంతు దాకా పోనివ్వను, ప్రమాణం.

నీ కృపారావు

టాలట్, నవంబరు 11

నిస్సీ నాన్నకు,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. ఇప్పుడు నిద్ర బాగా పడుతోంది. పనిలో ఒక ముసలావిడకి మాత్ర రెండుసార్లు ఇచ్చానట, మేనేజరు రాసుకుంది. ఏం కాలేదులెండి.

మీరు రాసినట్టే దాయ్‌గింజోది పైపై సోకు. జున్‌మాయ్‌ని వేడినీళ్ళలో పెట్టి వెచ్చచేస్తే అమ్మ వార్చిన గంజి వాసన. గొంతులో మండదు. దిగిన కాసేపటికి గుండెల్లో వెచ్చగా పరుచుకుంటుంది. మీరే రాశారు కదా.

ఓనరు ఇంకా సీసాలు ఇస్తే మీ గదిలో ఉంచుకోకండి. నాకు పంపండి. మీ మంచికే.

పుష్ప

కార్క్, నవంబరు 14

పుష్పా,

నేనది రాయలేదు. జున్‌మాయ్ వెచ్చచేస్తారని కూడా నీకు చెప్పలేదు. సాకే గొంతు దిగాక ఏమవుతుందో నాకు తెలియదు. నీకు తెలుసు.

నిన్న సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. నిస్సీ తీసింది. అమ్మ ఏదమ్మా అంటే "షీ ఈజ్ గ్రాండ్, డాడ్. జస్ట్ స్లీపింగ్" అంది, బాగానే ఉంది, ఊరికే పడుకుంది అని. ఎనిమిదేళ్ళ పిల్ల బడి నుంచి ఒక్కతే నడిచి వచ్చిందట. ఆ మాట నాకు తెలుసు. నేను తాగి హాల్లో పడి ఉన్నప్పుడు గుమ్మంలోకి వచ్చిన టీచరుతో, నా గురించి ఇదే గొంతుతో ఇలాగే చెప్పేది.

తప్పు నాది. నాకు భయమేసిన సీసాలు నిద్ర లేని నీ చేతిలో పెట్టి, నేను హాయిగా పడుకున్నాను. ఆ నాలుగూ ఇన్నాళ్ళు రావు. అయిపోయాక ఏం తెచ్చుకుంటున్నావో అడగను, అలమరా నేనే చూస్తాను.

రేపు మొదటి బస్సుకు వస్తున్నాను. ఈ ఉత్తరం చేతికే ఇస్తాను. ఏడాది నిండలేదని తలుపు తీయకపోతే, వెనక నువ్వు తలుపేసుకున్నప్పటిలాగే మెట్ల మీద కూర్చుంటాను. అప్పుడు నిస్సీకి తోడు నువ్వున్నావు. ఇప్పుడు లోపల దానికి ఎవరున్నారు పుష్పా?

తలుపు తీయి.

నీ కృపారావు