ఘనా పోయేవాళ్ళ కాగితం

రాజన్నా,

నువ్వు చనిపోయి నేటికి ఏడాది. ఇవాళ బహ్రెయిన్‌లోని హిద్‌లో మన కూలీల క్యాంపుకి ఒక ఏజెంటు వచ్చి, పడమటి ఆఫ్రికాలోని ఘనా పటం పరిచాడు. దక్షిణాన సముద్రం, ఓడరేవులు, నడుమ అడవుల్లో కోకో తోటలు, బంగారు గనులు, ఉత్తరాన మన దిక్కులాంటి ఎండ. పనికి కొదవే లేదన్నాడు.

నువ్వుంటే అడిగేవాడివని నేనే అడిగాను: "గంత పనుంటే మన గేటుకాడి ఘనా వాచ్‌మన్ బహ్రెయిన్‌కెందుకొచ్చిండు?"

వాడు నవ్వేసి పేర్ల కాగితం తీశాడు. తెలిసినవాడి పేరు కనపడితే మనం పాస్‌పోర్టు ఇచ్చేస్తామని వాడికి తెలుసు.

"మీ రూము రాజన్న నిన్ననే కలిసి ఒప్పుకున్నడు. ఇగ నువ్వే."

"అన్నను అడిగి చెప్త," అని పంపేశాను.

అందుకే అడుగుతున్నాను. నిన్న వాడికి ఎక్కడ కనిపించావు? నాకెందుకు కనిపించలేదు?