బీరువాలో పొడుగోడు

మోంటెవిడియో
ఏప్రిల్ 9

గౌరవనీయులైన ఎలాడియో బావగారికి, మీ మరదలు ఇల్డా నమస్కారాలు.

మీరు కార్మెలోలో కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను తింటున్నాను, పడుకుంటున్నాను, అంతకుమించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఫోన్ చేస్తే మీకు వినపడదు, నేను అరిస్తే ఈ భవనమంతా వింటుంది. అందుకే ఉత్తరం రాసి, పాలకోవ సీసాతో కలిపి బస్సులో వేస్తున్నాను.

సంగతేమిటంటే, మీ తమ్ముడు పోతూ పోతూ పడగ్గది బీరువాలో ఆరు గంజాయి మొక్కలు వదిలి వెళ్లారు. ఏటా వాటి పూలు కోసి, కొవ్వులో కాచి, మీ చేతుల నొప్పులకు జాడీ నిండా లేపనం తెచ్చేవారు కదా, అవే. ఇన్నేళ్లలో నేను వాటిని తిట్టడానికి తప్ప పలకరించింది లేదు. ఆస్పత్రిలో చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగారు. "ఇల్డా, అన్నయ్యకి జాడీ మానొద్దు. అది లేకపోతే చలికాలం ద్రాక్షతీగల కత్తిరింపుకి కత్తెర పట్టలేడు" అన్నారు.

ఇంటికి ఆరు మొక్కల దాకా సర్కారు ఒప్పుకుంటుంది కానీ నమోదు ఉండాలి కదా, దాన్ని నా పేరుకి మార్చుకుందామని ఆఫీసుకి వెళ్లాను. మీరు వాడతారా అని కౌంటర్లో పిల్ల అడిగింది. మాతే కషాయం తప్ప ఇంకేదీ వాడనని చెప్పాను. ఎందుకో జాలిగా చూసి ముద్ర వేసింది.

ఇప్పుడొచ్చిన చిక్కు ఇది. గోడవైపు మొక్క మిగతావాటిని వదిలేసి ఏపుగా పోతోంది. దాన్ని నేను పొడుగోడు అంటున్నాను. వాడి నెత్తి పైన వేలాడే కరెంటు దీపానికి తగిలి ఆకులు మాడుతున్నాయి. మిగతా ఐదూ వాడి నీడలో పడి, మెడలు సాచి పక్కలకి వాలుతున్నాయి. మీరు పుట్టింది మొదలు మొక్కల మధ్యే బతికారు కదా, ఏం చెయ్యాలో చెప్పండి. ఆయన కోసం నేను చెయ్యగలిగింది ఇక ఈ జాడీ ఒక్కటే.

ఇట్లు,
మీ మరదలు
ఇల్డా

తా.క.: బీరువాలో బట్టలన్నీ మంచం మీద నా వైపు గుట్టగా పడున్నాయి. నేను ఆయన వైపు పడుకుంటున్నాను. అటు పరుపు ఇంత గుంటపడిందని ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు, మహానుభావుడు.


కార్మెలో
ఏప్రిల్ 17

మా మరదలు ఇల్డాకి, ఎలాడియో ఆశీస్సులు.

ఉత్తరం అందింది. కోవ సగం అయిపోయింది. నువ్వు అడిగినందుకు సంతోషం. మొక్క మొక్కే, బీరువాలో ఉన్నా తోటలో ఉన్నా.

వెలుతురు పైనుంచి పడుతుంది. ఎవడి తల ఎత్తుగా ఉంటే వాడే తింటాడు, కింద ఉన్నవాళ్లు పస్తే. మా ద్రాక్ష వరసల్లో అందుకే అన్నిటినీ ఒకే తీగ ఎత్తుకి తెస్తాం. తలలన్నీ సమానంగా ఉంటే దీపం అందరికీ సమానంగా వడ్డిస్తుంది. నువ్వు చెయ్యాల్సింది చిన్న పని. మంచి కత్తెర తీసుకుని పొడుగోడి తల తీసేయ్. కోసిన చోట రెండు కొమ్మలు వస్తాయి, వాడి పొగరు దిగుతుంది. ఈలోగా మిగతావి అందుకుంటాయి.

భయపడకు. మొక్కకి మనకున్నంత పట్టింపు ఉండదు.

ఆశీస్సులతో,
మీ బావ
ఎలాడియో

తా.క.: మాతే పిప్పి ఆ కుండీల్లో పొయ్యకు. చిన్నప్పుడు మీ ఆయన నెల్సన్ మా అమ్మ జెరేనియం కుండీలో పోస్తే అది చచ్చింది. తన్నులు నాకు పడ్డాయి.


మోంటెవిడియో
ఏప్రిల్ 28

గౌరవనీయులైన బావగారికి, ఇల్డా నమస్కారాలు.

తల తీసెయ్యమని ఎంత తేలిగ్గా రాశారు. ఆస్పత్రికి బయల్దేరిన రోజు మీ తమ్ముడు బూట్లు వేసుకుని మళ్లీ పడగ్గదిలోకి వచ్చారు. బీరువా తెరిచి ఈ మొక్క నెత్తినే అరచెయ్యి ఆనించారు. ఆ చోట నేను కత్తెర పెట్టలేను. నన్ను తిట్టుకున్నా సరే.

అయినా మీ మాట పెడచెవిన పెట్టలేదు. తలలన్నీ సమానంగా ఉండాలన్నారు కదా, సమానం చేశాను. పొట్టివాటిని పైకెత్తాను. రెండింటి కింద ఆయన విజ్ఞాన సర్వస్వం సంపుటాలు పెట్టాను. ఒకదాని కింద కార్నివాల్‌లో ఆయన వాయించే డోలు, ఇంకోదాని కింద ఆదివారం పులుసు వండే పెద్ద గిన్నె. ఐదోదానికి మా అత్తగారి కుట్టుమిషను. మీ అమ్మగారు చూస్తే ఏమనేవారో తెలుసు, కాబట్టి రాయకండి.

ఇప్పుడు ఆరూ ఒకే ఎత్తు. కానీ ఆరూ దీపానికి తగిలి మాడుతున్నాయి. ఇదివరకు ఒకడే మాడేవాడు.

తొందరగా జవాబు రాయండి, ఇల్లంతా కమురు వాసన.

ఇట్లు,
మీ మరదలు
ఇల్డా

తా.క.: దీపం పైకి లాగబోతే కొక్కెంతో పాటు పైకప్పు పెచ్చు ఊడింది. పై అంతస్తు ఒల్మేదో గారికి నేను మొక్కలతో మాట్లాడేది వినపడుతోందట. నిన్న ఎండగా ఉందా అని వాటిని అడిగితే, మబ్బుగా ఉందని ఆయన జవాబిచ్చారు.


కార్మెలో
మే 8

మా మరదలు ఇల్డాకి, ఎలాడియో ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, నవ్వాలో ఏడవాలో తెలియక బయటికెళ్లి కూర్చున్నాను. పెళ్లి ఫోటోలో ఒకడు పొడుగున్నాడని మిగతావాళ్లందరినీ కుర్చీలెక్కిస్తారా ఎవరైనా? వాణ్ని కూర్చోబెడతారు. పొట్టివాటిని దించెయ్. నీ పులుసు గిన్నె నువ్వు తెచ్చుకో.

కత్తెర వద్దంటే వద్దులే. వంచుదాం. కాండాన్ని వేళ్ల మధ్య పెట్టి మెల్లగా నలుపు, విరిగే చప్పుడు కాకూడదు. మెత్తబడ్డాక పక్కకి వంచి, మెత్తటి గుడ్డతో కుండీ అంచుకి కట్టు. ఇనుప తీగ వాడకు, కోసుకుపోతుంది. ఒకేసారి వంగకపోతే రోజుకింత చొప్పున వంచు. ఆ తర్వాత అన్నిటి మీద వల పరిచి, ఏ కొమ్మ పైకి పొడుచుకొస్తే దాన్ని కిందకి నొక్కి పక్క గడిలోకి దూర్చు. కుండీలు అప్పుడప్పుడూ తిప్పుతూ ఉండు. బల్ల పరిచినట్టు అయ్యేదాకా వదలకు.

మే నెల కదా, ఇక్కడ చలి మొదలైంది. తెల్లారేసరికి వేళ్లు బిగుసుకుంటున్నాయి. కత్తిరింపులు దగ్గరికొస్తున్నాయి కదా, జాడీ కోసం చూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ బావ
ఎలాడియో

తా.క.: మా ఇంట్లో వంగినవాడు ఇంతవరకూ ఎవడూ లేడు. పొడుగోడు మొదటివాడైతే ఫోటో తీసి పంపు.


మోంటెవిడియో
జూన్ 12

గౌరవనీయులైన బావగారికి, ఇల్డా నమస్కారాలు.

వంగాడు బావగారూ. కళ్లు మూసుకుని కాండం నలిపాను, చప్పుడు కాలేదు. రోజూ ఇంత చొప్పున వంచాను, వంచినప్పుడల్లా క్షమించమని అడిగాను. ఇప్పుడు బుద్ధిగా మిగతావాటి మధ్యలో, వాటంత ఎత్తులో ఉన్నాడు.

మెత్తటి గుడ్డ కోసం ఇల్లంతా వెతికితే మీ తమ్ముడి టైలు దొరికాయి. పట్టువి, ఒక్కటీ నలగలేదు. ప్రతి పుట్టినరోజుకీ నేను కొనేదాన్ని, ఆయన థాంక్స్ చెప్పి సొరుగులో పెట్టేసేవారు. ఇప్పుడు ఆరు మొక్కలూ టైలు కట్టుకుని బ్యాంకు గుమాస్తాల్లా ఉన్నాయి. వేరే ఏదైనా కొనాల్సింది ఆయనకి. ఏం ఇష్టమో అడగాల్సింది.

వల మా వీధి పిల్లల ఫుట్‌బాల్ క్లబ్బు ఇచ్చింది, పాత గోల్ వల. దాని కింద కొమ్మలన్నీ ఎంత చదునుగా పరుచుకున్నాయంటే, మాతే తాగే చిప్ప పెడితే ఒరగకుండా నిలబడింది.

ఇంకో మంచి కబురు. ఆయన వెళ్లే సాగుదార్ల క్లబ్బులో మైతే అనే పిల్ల ఉంది. దీపం సగం రోజు వెలిగించి సగం రోజు ఆర్పితే పూత వస్తుందని ఫోన్లో చెప్పింది. అలాగే చేశాను. అందరికంటే ముందు మన పొడుగోడే పూశాడు. పచ్చటి చిన్న చిన్న బుడిపెలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి, అచ్చం మీ ద్రాక్ష పిందెల్లా. మిగతా ఐదింటికీ రెండేసి తెల్ల వెంట్రుకలు తప్ప ఏమీ లేవు. వాటికి బలం చాలడం లేదా?

ఇట్లు,
మీ మరదలు
ఇల్డా

తా.క.: పిల్లలు వల లేని గోలుతో ఆడుతున్నారు. బంతి లోపలికెళ్లిందా పక్కనుంచి పోయిందా అని రోజూ కొట్లాట. నిన్న తీర్పు చెప్పమని నా కిటికీ కిందకి వచ్చారు. నాకేం తెలుసు, ఓడిపోయేవాళ్లకి ఇచ్చేశాను.


కార్మెలో
జూన్ 20

మా మరదలు ఇల్డాకి, ఎలాడియో ఆశీస్సులు.

ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచాను. పచ్చటి బుడిపెల గుత్తులంటే ఇంకేమిటి, కాపు పడింది. ద్రాక్ష కూడా అచ్చం ఇలాగే మొదలెడుతుంది. పొడుగోడు ఇంటి పెద్ద అనిపించుకున్నాడు. వాడి తల తియ్యమన్న నా నోటిని ఏమనాలి. ఆ తెల్ల వెంట్రుకలవాళ్లు వెనకబడ్డవాళ్లు, పట్టించుకోకు.

పూతకి గాలి కావాలి. బీరువాలో గాలెక్కడిది? ఒక ఫ్యాను తెచ్చి పొడుగోడి వెనకాల పెట్టు, వాడి మీదుగా అందరికీ తగిలేలా. మధ్యాహ్నం పూట గుత్తుల్ని వేలితో మెల్లగా తట్టు. మేం తోటలో అలాగే చేస్తాం, కాపు బాగా నిలుస్తుంది.

కత్తెర నూరించి పెట్టాను. నీ జాడీ రావడమే ఆలస్యం.

ఆశీస్సులతో,
మీ బావ
ఎలాడియో

తా.క.: మైతే అనే పిల్లని మళ్లీ అడగనక్కర్లేదు. ఈ కాలం పిల్లలకి పుస్తకాల్లో చదివిందే తప్ప చేత్తో చేసిన అనుభవం ఉండదు.


మోంటెవిడియో
జులై 19

బావగారికి, ఇల్డా నమస్కారాలు.

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. జాడీ రాదు.

మీరు చెప్పినట్టే ఫ్యాను పెట్టాను, రోజూ తట్టాను. బుడిపెలు విచ్చుకుని పసుప్పచ్చ పొడి రాలింది. టైల మీద, వల మీద, నా జుట్టులో, అంతటా. పుష్కలంగా ఉందని సంబరపడి, తుడవకుండా వదిలేశాను. నిన్న మైతే పలకరించిపోదామని వచ్చింది. బీరువా తెరిచి చూపించాను. ఆ పిల్ల మంచం మీద బట్టల గుట్టపై కూలబడింది.

పొడుగోడు మగ మొక్కట బావగారూ. పూత వచ్చేదాకా ఏది మగో తెలియదట. మగవి తరచూ ముందే పొడుగెదుగుతాయట, ముందే పూస్తాయట. బుడిపెలు కనపడ్డ రోజే పీకి బయట పారెయ్యాలట. మందంతా ఆ తెల్ల వెంట్రుకలవాళ్ల దగ్గరే ఉంటుందట. పొడి తగిలితే అవి మందు సంగతి మరిచిపోయి గింజలు కడతాయట. ఇప్పుడు ఐదింటిలోనూ గింజలే.

ఇంకో మాట కూడా అంది. పొడుగోణ్ని అలాగే ఒక మూల వదిలేసి ఉంటే దగ్గరున్న ఒకటీ రెండూ పోయేవేమో, మిగతావి దక్కేవేమో. మనం వాణ్ని వంచి, అందరి మధ్యలో, అందరికీ సమానమైన ఎత్తులో కూర్చోబెట్టి, వెనక ఫ్యాను పెట్టాం. పొడి అందరికీ సమానంగా అందింది. ఇంత చదునైన పందిరి తమ క్లబ్బులో కూడా ఎవరూ చెయ్యలేదని మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలుకి ఏడుపొచ్చింది నాకు.

ఆయన జీవితం మొత్తంలో నన్ను అడిగింది తక్కువ. చివరికి ఒక్కటి అడిగితే అదీ పాడుచేశాను. మీరు కత్తెర నూరించి కూర్చున్నారు. నన్ను మన్నించండి.

ఇట్లు,
ఇల్డా

తా.క.: ఫ్యాను పెట్టమని ఎవరు చెప్పారని అడిగింది. చాలా అనుభవమున్న పెద్దాయన అన్నాను. ఎందులో అని అడిగింది. నేను మాట మార్చి బిస్కట్లు పెట్టాను.


కార్మెలో
జులై 25

మా మరదలు ఇల్డాకి, ఎలాడియో ఆశీస్సులు.

ముందుగా మైతే గారికి నా నమస్కారాలు చెప్పు. గారు అనే చెప్పు.

ద్రాక్షలో ప్రతి పువ్వులోనూ ఆడా మగా కలిసే ఉంటాయి. మగ మొక్కని వేరుగా చూడాలని నా బుర్రకి తట్టనే లేదు. తప్పు నీది కాదు. బీరువాలో మొక్కని నేను జన్మలో చూడలేదు, గంజాయి గురించి నాకు ఓనమాలు కూడా రావు.

రావని మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. కానీ ఆస్పత్రి వరండాలో నెల్సన్ నా దగ్గరా ఒక మాట తీసుకున్నాడు. "ఇల్డా నీకు మొక్కల గురించి రాస్తుంది. తెలియదని మాత్రం అనకు. అన్నావంటే అది ఇంకెవరినీ అడగదు, తలుపేసుకుని కూర్చుంటుంది" అన్నాడు.

ఇంకోటి కూడా విను. కత్తిరించడానికి నాకు ఒక్క తీగ లేదు. చేతులు మొరాయించి, డిసెంబరులో, వేసవి మొదట్లోనే తోట పక్కింటి బెంతాంకూర్‌కి కౌలుకిచ్చేశాను. కత్తెర నూరించానని రాసింది అబద్ధం. మరి బేరం మాట్లాడి కుదిర్చిందెవరనుకున్నావు? మీ ఆయనే. చేపలు పట్టడానికి వెళ్తున్నానని నీకు చెప్పి వచ్చాడే, అప్పుడు. ఆ చేపలు రేవులో కొన్నవి.

కాబట్టి ఈ చలికాలం కత్తిరింపుకి నాకు జాడీ అక్కర్లేదని వాడికి బాగా తెలుసు. తెలిసే నిన్ను అడిగాడు. పొద్దున్నే నువ్వు లేవడానికి ఇంట్లో ఏదో ఒకటి ఉండాలి, లేచాక నువ్వు రాయడానికి ఎవడో ఒకడు ఉండాలి. నాకూ అంతే అనుకున్నాడేమో. నీ ఉత్తరం వచ్చే బస్సు కోసం నేను ముందే వెళ్లి బెంచీ మీద కూర్చునేవాణ్ని.

వాడి మాట నిలబెట్టాను, వాడి ఆఖరి పంట పోగొట్టాను. రెండూ నా వల్లే అయ్యాయని రాత్రంతా అనిపించింది. వాడుంటే బాగుండేది, నన్ను తిట్టేవాడు.

జాడీ లేకపోయినా నువ్వు రా. ఈ వారమే రా. చేతుల నొప్పి మాత్రం నిజమే, ఒక్కణ్ని మాతే కాచుకోవడం కూడా కష్టంగా ఉంది.

ఆశీస్సులతో,
మీ బావ
ఎలాడియో

తా.క.: ఈసారి ద్రాక్ష గురించి అడుగు, ఇల్డా. అది నాకు తెలుసు.