కంకర ఊడ్చిన డాబా

శుక్రవారం, జూలై 11

అల్లుడికి,

క్షేమమా అని అడగడం మర్యాద కాబట్టి అడుగుతున్నాను. ఇక్కడ అందరం క్షేమం, నా బీపీ ఒక్కటి తప్ప. దానికి కారణం నువ్వే.

నా దగ్గర పని నేర్చుకున్న ఆరేళ్ళూ నిన్ను నువ్వు అన్నాను. అమ్మాయినిచ్చాక మీరు అన్నాను. ఈ ఉత్తరంలో మళ్ళీ నువ్వే అంటున్నాను. ఇది మామ రాస్తున్నది కాదు, మేస్త్రీ రాస్తున్నది.

పొద్దున బట్టల గోదాము యజమాని కబురంపితే వెళ్ళాను. రాత్రి వానకి వెనక మూలన నీళ్ళు దిగి పద్నాలుగు బేళ్ళు తడిశాయి. నన్ను చూడగానే, పెద్దాయనా, మీరు తారు షీట్లు వేశాక పదిహేనేళ్ళు చుక్క రాలేదు, మీ అల్లుడు చెయ్యి పెట్టాక కుళాయి అయింది అన్నాడు. పక్కనున్న గుమాస్తా, పోనీ రేపట్నుంచి బట్టలతో పాటు గొడుగులు కూడా అమ్ముదామండీ అని నవ్వాడు. తలెత్తలేక మెట్లెక్కి డాబా మీదికి పోయాను.

పైన కంకర లేదు. ఒక్క రాయి లేదు. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తెల్ల రంగు.

కంకర ఏమైందని వాచ్‌మన్‌ని అడిగితే, పోయిన వేసవిలో మీ అల్లుడుగారే బస్తాలకెత్తి దింపించారు, అదంతా చెత్తటగా అన్నాడు. చెత్త! ఆ మాట నువ్వన్నావో, అతనే కల్పించాడో తెలియదు గానీ, విన్నప్పటి నుంచీ నా చెవి మండుతూనే ఉంది.

మొదటి రోజు నీకేం చెప్పాను? తారు షీటుకి వాన శత్రువు కాదు, ఎండ శత్రువు అని చెప్పాను. ఎండకి తారులో జిడ్డు ఇగిరిపోతుంది. షీటు మొసలి చర్మంలా పగులుతుంది. అప్పుడు గానీ వాన లోపలికి దూరదు. దొంగకి తలుపు తీసేది ఎండే. అందుకే నాలుగు వేళ్ళ మందాన గుండ్రటి కంకర పరుస్తాం. ఎండ రాయిని తినాలి గానీ షీటుని తినకూడదు.

తెల్ల పూత తప్పని నేననను. అదీ ఎండని వెనక్కి కొడుతుంది. కానీ మూడు నాలుగేళ్ళకోసారి మళ్ళీ పూయాలి, నీళ్ళు నిలిచే చోట పొరలుగా లేస్తుంది. బాగున్న కంబళి లాగేసి, ఒంటికి పౌడరు రాసి, చలెయ్యదులే పడుకో అన్నట్టుంది నీ వ్యవహారం.

మధ్యాహ్నం ఫోన్ చేస్తే, నేనే చేశాను మావయ్యా, తప్పయిపోయింది అన్నావు. ఎందుకు చేశావురా అంటే మాట లేదు. గోడతో మాట్లాడినట్టుంది. అమ్మాయి ఫోన్ లాక్కుని, ఆయన మీద అరవకు నాన్నా, మనసులో మాట చెప్పడంలో నిన్ను మించిన మూగాయన దొరికాడు నాకు అని పెట్టేసింది.

సోమవారం పదింటికి యజమాని మనిద్దర్నీ రమ్మన్నాడు. తప్పు ఎవరిదో తేల్చమన్నాడు. నీదే అని చెప్తాను. ఆ వీధిలో పదకొండు గోదాముల డాబాలు నువ్వే చూస్తున్నావు. సోమవారం తర్వాత ఒక్కటీ నీ చేతిలో ఉండదు. అది తెలిసే చెప్తాను. అల్లుడని వెనకేసుకొస్తే నలభై ఏళ్ళ నా మాట గంగలో కలుస్తుంది.

నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకా. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు, కాలిన వేళ్ళు నేర్పాయి. రోజూ రాసుకునే లెక్కల పుస్తకమే నా పంతులు. ఎన్ని షీట్లు, ఏ మూల, ఆ రోజు ఎండా వానా. అలా కూడబెట్టిన విద్య తీసుకొచ్చి నీ చేతిలో పెట్టాను. షీట్లు కాల్చి అతికించే నా ఇత్తడి బర్నర్ కూడా నీకే ఇచ్చాను.

అది తిరిగి పంపు.

ఇట్లు,
మేస్త్రీ

తా.క. ఆదివారం ఉదయం.

కవరు అంటించే ముందు, యజమానికి సాక్ష్యంగా ఒక ముక్క కోసుకొద్దామని నిన్న డాబా ఎక్కాను. వెనక మూలన తెల్ల పూత గీకితే కింద చాపంత అతుకు ముక్క కనిపించింది. నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి. చదరంగా కోస్తే మూల లేస్తుందని నేను నేర్పిన పద్ధతే. గోరు దూర్చబోతే దూరలేదు.

కోసి లేపాను. కింద నా షీట్లు. రెండు షీట్లు కలిసే చోట నాలుగు వేళ్ళ మేర కరిగి ఒకటైపోవాలి. కాలేదు. పుస్తకంలో పేజీల్లా విడిపోయాయి, మధ్యలో ఎండిన మట్టి. మూరెడు అవతల అదే వరసలో షీట్లు కలిసే ఇంకో అతుకు, పైన ముక్క వేయనిది, అదీ అంతే. ఇప్పుడు నీళ్ళు దిగింది అక్కణ్ణుంచి. టార్పాలిన్ కప్పి దిగాను.

ఇంటికొచ్చి పదిహేనేళ్ళ నాటి పుస్తకం తీశాను. నా రాతే. వెనక మూల వేశాము, మధ్యలో జల్లు పడింది, తడి ఆరలేదు, రేపు అతుకులు చూడాలి. మర్నాటి పేజీలో ఒక్కటే: అమ్మాయి బడిలో పడింది, చేయి విరిగింది, ఆసుపత్రి. ఆ తర్వాత పేజీలో, కంకర పరిచాము. అతుకులు చూసినట్టు ఎక్కడా లేదు.

పోయిన వేసవిలోనే ఆ మూలన చెమ్మ మీ కంట పడి ఉంటుంది, మీరు కంకర తీసింది అది ఎక్కడిదో వెతకడానికి. ఇంకెక్కడైనా విడితే కనబడాలని కంకర మళ్ళీ పరవలేదు, ఆ ఒక్క మూలే తెల్లగా ఉంటే ఏమైందని అడిగి నా తప్పు బయటపెడతారని డాబా అంతా పూశారు.

రేపు యజమాని ముందు మీరు నోరు విప్పొద్దు. ఆ విద్య మీకు బాగానే వచ్చు. పుస్తకం నేను పట్టుకెళ్ళి, తప్పు నాదని చెప్తాను.

కోపం పోయిందనుకోకండి. మేస్త్రీ తప్పు మేస్త్రీకి చూపించని శిష్యుడి మీద కోపం రెండింతలైంది. పైన రాసిందేదీ కొట్టేయలేదు. కొట్టేస్తే నేనూ పూత పూసినట్టే. ఇది ఇవాళ ఇంటికొచ్చిన అమ్మాయి చేతికిచ్చి పంపుతున్నాను.

బర్నర్ పంపొద్దు. మీరే పట్టుకుని రండి. యజమానితో మాటలయ్యాక, ఎండ బాగా కాస్తే, ఆ వరస మొత్తం విప్పుదాం. షీటు నేను పట్టుకుంటాను. మంట మీరు చూపించండి.