కనబడని గుంత

బాబాయికి,

కుశల ప్రశ్నలు తర్వాత రాస్తాను, కోప్పడకు. సోమవారం మా వీధి చివర తవ్వడానికి వచ్చే పొక్లెయిన్ నడిపేది నువ్వేనని ఇప్పుడే తెలిసింది.

అక్కడ ఖాళీ జాగా అని నీకు చెప్పి ఉంటారు. అది వీధివాళ్ళమంతా కలిసి తవ్వుకున్న ఇంకుడు గుంత. మా డాబాల మీది వాననీళ్ళన్నీ భూమిలో పాతిన గొట్టాల్లోంచి అందులోకే దిగుతాయి. ఎండిపోయిన బోరింగు ఈ ఏడాది మళ్ళీ నీళ్ళిస్తోందంటే దాని చలవే. తప్పు మాదే. చిన్నపిల్లలు పడతారని రాళ్ళు నింపి, పైన ఇసుక పరిచి, పూలమొక్కలు నాటాం. అంత ముచ్చటగా కప్పేసరికి మున్సిపల్ ఆఫీసు నుంచి వచ్చినాయన "గుంత ఏదమ్మా, చూపించు" అని నవ్వాడు. బళ్ళు ఆపుకోవడానికి అక్కడంతా తవ్వి సిమెంటు చేయించమని రాసి వెళ్ళిపోయాడు.

పెద్ద ఇంజనీరుగారు మంగళవారం గానీ రారు. ఆయన చూస్తే ఆపుతారని మా టీచరు నమ్మకం. ఒక్కరోజు, బాబాయ్. ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టు. నీ ఉద్యోగం కొత్తదని, అడగకూడనిది అడుగుతున్నానని తెలుసు.

నువ్వు వస్తున్నావని అమ్మకు చెప్పాను. "రానీ. అన్నం పెట్టిన వదిన మీదుగా ఎలా పోనిస్తాడో చూస్తా" అని కూరగాయలు తరుగుతూనే అంది. నవ్వలేదు. సోమవారం పొద్దున్నే వెళ్ళి ఆ మొక్కల మధ్య కూర్చుంటుందట. ఎంత బతిమాలినా వినడం లేదు.

నువ్వు సెలవు పెడితే వేరే డ్రైవరును పంపుతారని ఇప్పుడు, ఇక్కడిదాకా రాశాక తట్టింది. అతనికి అమ్మ ఏమీ కాదు.

సెలవు మాట మరిచిపో బాబాయ్. నువ్వే రా.

నీ అన్న కూతురు